నా కెర్నల్‌లో 11 అనే నంబరు: ఇంటరప్టులను బస్‌ల నుంచి విడదీసిన డైరీ

1వ రోజు

మూడేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా రాసుకుంటున్న చిన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ని నడిపే మూల భాగం) ఇది. ఎక్స్86 (మామూలు పీసీల ప్రాసెసర్ రకం) మీద బూట్ అవుతుంది, కీబోర్డు పనిచేస్తుంది, డిస్క్ చదువుతుంది, నెట్‌వర్క్ కార్డు ద్వారా పింగ్‌కి జవాబిస్తుంది. నిన్న రాత్రి క్యూఎములో (మెషీన్‌ని సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే ప్రోగ్రామ్) రెండో నెట్‌వర్క్ కార్డు తగిలించాను. రెండోది చక్కగా పనిచేసింది. అప్పటిదాకా పనిచేస్తున్న మొదటిది ఆగిపోయింది.

కారణం దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇంటరప్ట్ అంటే నన్ను చూడు అని డివైస్ ప్రాసెసర్‌కి పంపే పిలుపు. రెండు కార్డులకీ ఇంటరప్ట్ నంబరు 11 వచ్చింది. నా దగ్గరున్నది 16 గడుల టేబుల్, ఒక్కో గడిలో ఒక్క హ్యాండ్లర్‌కే (ఇంటరప్ట్ వస్తే నడిచే డ్రైవర్ ఫంక్షన్) చోటు. రెండో డ్రైవర్ వచ్చి 11వ గడిలో తన హ్యాండ్లర్ రాసేసరికి మొదటిదానిది చెరిగిపోయింది.

గడిలో ఒక్క పాయింటర్ బదులు లిస్టు పెడితే పది నిమిషాల్లో అయిపోయే పనే. అదే చేద్దామని ఫైల్ తెరిచి, చాలా నెలల తర్వాత మొదటి లైన్ నుంచి చివరిదాకా చదివాను. చదివాక లిస్టు పెట్టాలనిపించలేదు. ఇంటరప్ట్ రాగానే నడిచే ఆ ఒక్క ఫంక్షన్‌లో, డివైస్‌ల ఇంటరప్టులను ప్రాసెసర్‌కి అందించే 8259 చిప్‌కి పని ముగిసిందని చెప్పే కోడ్ ఉంది. నంబరు 7 దాటితే రెండో చిప్‌కి కూడా చెప్పాలన్న షరతు ఉంది. నంబరు 7 అయితే అది నిజమైనదో కాదో చూసే తనిఖీ ఉంది. నంబరు 10 గానీ 11 గానీ అయితే పీసీఐ (డివైస్‌లను మెషీన్‌కి కలిపే దారి, అంటే ఒక బస్) డివైస్‌ల పట్టీ మొత్తం తిరిగే లూప్ ఉంది. ఆ లూప్ మధ్యలో నెట్‌వర్క్ కార్డు కోసమే రాసిన రెండు లైన్లు కూడా ఉన్నాయి. ఏ మెషీన్ మీదైనా నడవాల్సిన సాధారణ కోడ్ అనుకుంటూ నేను పెంచుకొచ్చిన ఫైల్ ఇది. ఒక పాత మదర్‌బోర్డు మొత్తం ఇందులో కాపురం పెట్టింది.

నా కోడ్ అప్పుడప్పుడు చదివిపెట్టే స్నేహితురాలికి ఈ ఫైల్ పంపాను. తను తిరిగి ఒక్కటే అడిగింది: "నీ కెర్నల్‌కి 11 అంటే ఏంటో ఒక్క వాక్యంలో చెప్పగలవా?"

చెప్పలేకపోయాను. ఒకచోట 11 అంటే ఇంటరప్ట్ చిప్‌లో ఒక కాలు. ఇంకోచోట పీసీఐ కాన్ఫిగరేషన్ రిజిస్టర్‌లో ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండి మెషీన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) రాసిపెట్టిన విలువ. మూడోచోట నా టేబుల్‌లో గడి నంబరు. మూడూ వేర్వేరు సంగతులు. ఈ మెషీన్‌లో మూడూ ఒకే సంఖ్యగా కనిపించడం వల్ల ఇన్నాళ్ళూ తేడా తెలియలేదు.

ఈ మూడింటినీ విడదీయాలి. ఈ డైరీ అందుకే.

2వ రోజు

ఈరోజు కోడ్ రాయలేదు. కాగితం మీద తీగలు గీశాను.

పాత ఐఎస్‌ఏ బస్‌లో కథ సూటిగా ఉంటుంది. టైమర్ 0, కీబోర్డు 1, మొదటి సీరియల్ పోర్టు 4, గడియారం 8, ఇలా ఒక్కో డివైస్‌కి ఒక్కో తీగ ముందే ఖాయం. రెండు 8259 చిప్‌లు, ఒక్కోదానికి 8 కాళ్ళు. రెండో చిప్ మొదటిదాని 2వ కాలికి వేలాడుతుంది కాబట్టి మిగిలేవి 15. సిగ్నల్ పైకి లేచిన క్షణమే ఇక్కడ లెక్క. తలుపు ఒక్కసారి కొట్టి ఊరుకోవడం లాంటిది. దీన్నే ఎడ్జ్ ట్రిగ్గర్ అంటారు.

పీసీఐ తీరు వేరు. ఒక్కో డివైస్‌కి ఏ, బీ, సీ, డీ అనే నాలుగు పిన్‌ల వరకు ఉండొచ్చు. ఆ తీగలను ఎందరైనా పంచుకోవచ్చు. తన పని ఎవరైనా చూసేదాకా డివైస్ ఆ తీగను కిందికి లాగి పట్టుకునే ఉంటుంది. తలుపు తీసేదాకా బెల్లు మీద నుంచి వేలు తీయని మనిషిలాగ. ఇది లెవెల్ ట్రిగ్గర్. డివైస్ ఏ పిన్ వాడుతుందో కాన్ఫిగరేషన్ స్పేస్‌లో హెక్స్ 3డి దగ్గర ఉంటుంది. ఆ పిన్ చివరికి ఏ ఇంటరప్ట్ నంబరుకి చేరిందో ఫర్మ్‌వేర్ హెక్స్ 3సి దగ్గర రాసిపెడుతుంది. ఈ రెండో రిజిస్టర్‌ని హార్డ్‌వేర్ అసలు పట్టించుకోదు. అది ఫర్మ్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి వదిలిన చీటీ, అంతే.

గీస్తూ పోతే నా రెండు కార్డుల సంగతి తేలింది. చాలా డివైస్‌లు ఏ పిన్ మాత్రమే వాడతాయి. అన్నీ ఒకే తీగ మీద పడకుండా స్లాట్ మారినప్పుడల్లా తీగలను ఒక మెట్టు తిప్పి కలుపుతారు. క్యూఎములోని పాత పీసీ మోడల్‌లో 3వ స్లాట్‌లోని కార్డు సీ తీగ మీదికి, 4వ స్లాట్‌లోని కార్డు డీ తీగ మీదికి వెళ్తాయి. అంటే వాటివి వేర్వేరు తీగలే. ఆ తర్వాత పీఐఐఎక్స్3 చిప్‌సెట్‌లోని నాలుగు రూటింగ్ రిజిస్టర్లు ఏ, బీ తీగలను 10కి, సీ, డీ తీగలను 11కి పంపుతాయి. నా రెండు కార్డులు ఒకే తీగ పంచుకుంటున్నాయని నిన్నటిదాకా అనుకున్నాను. నిజానికి అవి పంచుకుంటున్నది తీగను కాదు, చిప్‌లోని కాలును.

ఈ వివరం తెలియాల్సింది ఎవరికి? పీసీఐ కోడ్‌కి. ఇంటరప్ట్ వచ్చిందని పిలిచే సాధారణ కోడ్‌కి దీంతో పనే లేదు.

4వ రోజు

మిగతా కెర్నల్స్ ఈ పని ఎలా చేశాయో చూడటానికి రెండు రోజులు పట్టింది.

నెట్‌బీఎస్‌డీ పద్ధతి నాకు బాగా నచ్చింది. అక్కడ డ్రైవర్ రెండు మెట్లలో అడుగుతుంది. మొదట "నా పీసీఐ పిన్ ఎక్కడికి చేరుతుందో కనిపెట్టు" అంటే ఒక హ్యాండిల్ వస్తుంది. తర్వాత "ఈ హ్యాండిల్‌కి నా ఫంక్షన్ కట్టు" అంటుంది. హ్యాండిల్ లోపల ఏముందో డ్రైవర్ చూడకూడదు. ఆ మెషీన్ కోడ్‌కే అది తెలుసు. ఐఎస్‌ఏ డ్రైవర్లకు వేరే ఫంక్షన్ ఉంది, దానికి నంబరు, ఎడ్జా లెవెలా అన్నది నేరుగా ఇస్తారు. ఏ బస్‌కి తగిన ప్రశ్న ఆ బస్‌ని అడగడం అన్నమాట. ఫ్రీబీఎస్‌డీలో డ్రైవర్ తన తల్లి బస్‌ని అడుగుతుంది, అది తన పైదాన్ని అడుగుతుంది, అలా చెట్టు మొదలుదాకా వెళ్తుంది. లినక్స్ నంబరును ఉంచుకుంది గానీ దాన్ని హార్డ్‌వేర్ నంబరు నుంచి వేరు చేసింది. ఒక్కో ఇంటరప్ట్ కంట్రోలర్‌కి ఒక్కో డొమైన్ పెట్టి, లోపలి నంబరుకి బయటి నంబరుకి మధ్య మ్యాప్ నడుపుతుంది. ఏ ఆర్కిటెక్చర్‌కి ఆ ఆర్కిటెక్చర్ విడిగా రాసుకుంటున్న ఇంటరప్ట్ కోడ్‌ని ఒకచోటికి తెచ్చే సాధారణ పొర 2006లో 2.6.18 వెర్షన్‌తో అందులో చేరింది.

నేను నంబరునే తీసేయాలని నిర్ణయించుకున్నాను. నంబరు ఉంటే దాన్ని పోల్చాలని, దానికి ఒకటి కలపాలని, టేబుల్‌లో గడిగా వాడాలని ఎప్పుడో ఒకప్పుడు నాకే బుద్ధి పుడుతుంది. మొదటిరోజు ఫైల్ అలాగే తయారైంది. అందుకని సాధారణ కోడ్‌కి కనిపించేది "సోర్స్" అనే ఒక స్ట్రక్చర్‌కి పాయింటర్ మాత్రమే. అందులో హ్యాండ్లర్ల లిస్టు, లెక్కలు, తన చిప్‌ని పిలిచే ఫంక్షన్ల పట్టీ ఉంటాయి. చిప్ తన సొంత గుర్తులు ఉంచుకోవడానికి ఒక ప్రైవేట్ ఫీల్డ్ ఉంటుంది, దాన్ని సాధారణ కోడ్ తెరవదు.

పని పంపకం ఇలా అనుకున్నాను. ఈ డివైస్ ఏ సోర్స్‌కి చేరుతుందో చెప్పేది బస్. సోర్స్‌ని మూయడం, తెరవడం, అందిందని చెప్పడం చిప్ పని. ఇది నాదేనా అని తేల్చేది డ్రైవర్. హ్యాండ్లర్లను పిలవడం, లెక్కపెట్టడం సాధారణ కోడ్ పని.

మాట మీద నిలబడటానికి మేక్‌ఫైల్‌లో ఒక మార్పు చేశాను. సాధారణ కోడ్ ఉన్న డైరెక్టరీని కంపైల్ చేసేటప్పుడు బస్ హెడర్లున్న దారిని కంపైలర్‌కి ఇవ్వడం మానేశాను. ఇక అక్కడ పీసీఐ అని రాస్తే బిల్డ్ ఆగిపోతుంది. మొదటిసారి బిల్డ్ కొడితే 41 తప్పులొచ్చాయి. ఒక్కో తప్పూ ఏదో ఒక బస్ సంగతి సాధారణ కోడ్‌లోకి దూరిన చోటు. నాకు కావలసిన పనుల పట్టీ అదే.

6వ రోజు

41 తప్పులు సున్నాకి వచ్చాయి. బూట్ అయింది. కీబోర్డు పనిచేసింది. నెట్‌వర్క్ కార్డుకి మొదటి ప్యాకెట్ రాగానే మెషీన్ రీసెట్ అయింది.

రోజంతా పట్టిన బగ్ ఇది. కొత్త ఫంక్షన్‌లో చిప్‌కి అందిందని ముందే చెప్పేసి, ఇంటరప్టులు తిరిగి తెరిచి, తర్వాత హ్యాండ్లర్లను పిలుస్తున్నాను. కీబోర్డు ఎడ్జ్ కాబట్టి ఇబ్బంది లేదు, అది తలుపు కొట్టి ఊరుకుంది. నెట్‌వర్క్ కార్డు లెవెల్. హ్యాండ్లర్ ఇంకా కార్డుని పలకరించనే లేదు, తీగ పట్టుకునే ఉంది, చిప్ వెంటనే మళ్ళీ ఇంటరప్ట్ ఇచ్చింది. దానిలోపల ఇంకోటి, దానిలోపల మరోటి. 8 కిలోబైట్ల స్టాక్ క్షణంలో నిండిపోయి ట్రిపుల్ ఫాల్ట్, అంటే ప్రాసెసర్ చేతులెత్తేసి రీసెట్ అవడం.

క్యూఎముని ఇంటరప్టుల లాగ్‌తో నడిపితే ఒకే వెక్టర్ (ప్రాసెసర్‌కి అందే ఇంటరప్ట్ నంబరు) వరసగా పేజీలకు పేజీలు వచ్చింది. ఆ వరస చూశాక గానీ అర్థం కాలేదు.

లెవెల్‌కి వేరే నడక కావాలి: ముందు ఆ ఒక్క సోర్స్‌ని మూయాలి, చిప్‌కి అందిందని చెప్పాలి, హ్యాండ్లర్లను పిలవాలి, చివర్లో తెరవాలి. ఎడ్జ్‌కి ఇలా మూయక్కర్లేదు. ముందే అందిందని చెప్పి హ్యాండ్లర్లను పిలిస్తే, ఈలోపు ఇంకో తట్టు వచ్చినా చిప్ గుర్తుపెట్టుకుంటుంది.

రెండు నడకలూ సాధారణ ఫైల్‌లోనే రాశాను, ఎందుకంటే వాటిలో ఏ బస్ పేరూ లేదు. ఏ సోర్స్‌కి ఏ నడక అన్నది మాత్రం బస్ చెబుతుంది. ఐఎస్‌ఏ కోడ్ సోర్స్ తీసుకునేటప్పుడు ఎడ్జ్ అంటుంది, పీసీఐ కోడ్ లెవెల్ అంటుంది. చిప్ కూడా అదే అనుకుంటోందో లేదో సరిచూడటానికి హెక్స్ 4డి0, 4డి1 పోర్టుల్లోని ఎడ్జ్-లెవెల్ రిజిస్టర్లను చదివి ప్రింట్ చేశాను. 10, 11 బిట్లు మాత్రమే లెవెల్‌గా ఉన్నాయి. మనసు కుదుటపడింది.

9వ రోజు

ఇప్పుడు హ్యాండ్లర్ల లిస్టు. మొదటిరోజు పది నిమిషాల పని అనుకున్నది ఇదే. నిజంగానే కోడ్ చిన్నది, కానీ డ్రైవర్లన్నీ మారాయి.

ప్రతి హ్యాండ్లర్ ఇప్పుడు "నాది" లేదా "నాది కాదు" అని జవాబు చెప్పాలి. ఈ1000 నెట్‌వర్క్ కార్డులో ఇది తేలిక. కారణాల రిజిస్టర్ హెక్స్ సి0 దగ్గర ఉంటుంది. చదివితే సున్నా వస్తే నాది కాదు, ఏదైనా బిట్ వస్తే నాది. చదవడంతోనే అది ఖాళీ అవుతుంది కూడా. ఇన్నాళ్ళూ ఆ విలువ చదివి పారేస్తున్నాను. యూఎస్‌బీ యూహెచ్‌సీఐ డ్రైవర్ ఇంకా ఘోరంగా ఉంది, స్టేటస్ చూడకుండానే అన్ని బిట్లూ తుడిచేస్తోంది. అలాంటి డ్రైవర్ ప్రతి ఇంటరప్టూ తనదే అంటుంది, పక్కవాళ్ళ సమస్యలన్నీ దాని చాటున కనబడకుండా పోతాయి. రెండింటినీ సరిచేశాను.

ఒకరు "నాది" అనగానే ఆగాలా, అందరినీ పిలవాలా? లెవెల్‌లో ఆగినా నష్టం లేదు, ఇంకొకరు తీగ పట్టుకునే ఉంటే ఇంటరప్ట్ మళ్ళీ వస్తుంది. ఎడ్జ్‌ని ఇద్దరు పంచుకుంటే మాత్రం ఆగడం తప్పు, రెండోవాళ్ళ తట్టు పోతుంది. సాధారణ కోడ్ ఈ తేడా లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా ఎప్పుడూ అందరినీ పిలుస్తుంది. కొన్ని రిజిస్టర్లు అదనంగా చదవాల్సి వస్తుంది, ఫర్వాలేదు.

రెండు కార్డులూ పింగ్‌కి జవాబిచ్చాయి.

12వ రోజు

క్యూఎములో అన్నీ సాఫీగా ఉన్నాయని పాత ల్యాప్‌టాప్ మీద బూట్ చేశాను. నెట్‌వర్క్ డ్రైవర్ తన హ్యాండ్లర్ కట్టుకున్న క్షణంలో స్క్రీన్ బిగుసుకుపోయింది. చాలా టెన్షన్ పెట్టిన సాయంత్రం.

అనుమానం వచ్చింది గానీ చూసే వీల్లేదు, ఎందుకంటే ప్రాసెసర్ ఇంటరప్టులోంచి బయటకే రావడం లేదు. అందుకని ముందు ఒక రక్షణ పెట్టాను. ఒక సోర్స్ మీద వచ్చిన 1,00,000 ఇంటరప్టుల్లో 99,900 కంటే ఎక్కువ ఎవరూ తమవి కావంటే ఆ సోర్స్‌ని మూసేసి స్క్రీన్ మీద చెప్పాలి. ఈ అంకెలు లినక్స్ నుంచి తీసుకున్నవి. ఈ తనిఖీకి ఏ బస్‌తోనూ సంబంధం లేదు కాబట్టి సాధారణ ఫైల్‌లోనే ఉంది.

మళ్ళీ బూట్ చేస్తే ఈసారి సందేశం కనబడింది: ఎవరూ పట్టించుకోని ఇంటరప్టులు, సోర్స్ మూసివేత. మెషీన్ బతికింది, నెట్‌వర్క్ మాత్రం చచ్చింది, ఎందుకంటే మూసిన సోర్స్ దానిది కూడా.

అదే తీగ మీద ఇంకెవరో పట్టుకుని కూర్చున్నారు. పీసీఐ 2.3 నుంచి డివైస్ స్టేటస్ రిజిస్టర్‌లో 3వ బిట్, నాకు ఇంటరప్ట్ పెండింగ్‌లో ఉంది అని చెబుతుంది. అన్ని డివైస్‌లనూ తిరిగి ఆ బిట్ ఉన్నవాటిని ప్రింట్ చేస్తే ఒక్క పేరొచ్చింది. నా దగ్గర డ్రైవరే లేని ఒక కంట్రోలర్. ఫర్మ్‌వేర్ బూట్ సమయంలో వాడుకుని, ఆపకుండా వదిలేసింది. తీగ ఎప్పటినుంచో కిందికి లాగి ఉంది. ఆ సోర్స్ మూసి ఉన్నంతకాలం తెలియలేదు, నేను తెరిచిన క్షణం వరద.

పరిష్కారం పీసీఐ ఫైల్‌లో పడింది. డివైస్‌లను లెక్కించేటప్పుడే ప్రతిదాని కమాండ్ రిజిస్టర్‌లో 10వ బిట్ పెట్టి పిన్ ఇంటరప్టులను ఆపేస్తాను. డ్రైవర్ వచ్చి హ్యాండ్లర్ కట్టినప్పుడు ఆ డివైస్‌కి మాత్రం ఆ బిట్ తీసేస్తాను. ఈ బిట్ లేని పాత డివైస్‌లకు వేరే దారి లేదు, వాటిని వాటి సొంత రిజిస్టర్లతోనే నిద్రపుచ్చాలి.

పాత కోడ్‌తో అయితే ఈ మార్పు ఎక్కడ చేసి ఉండేవాడినో నాకు తెలుసు. ఇంటరప్ట్ ఫంక్షన్ మధ్యలో, నంబరు 11 అయితే అని రాసి ఉండేవాడిని. ఈసారి సాధారణ ఫైల్ తెరవనేలేదు.

13వ రోజు

చిన్న పని. నకిలీ 7. 8259 చిప్ కొన్నిసార్లు సిగ్నల్ రాగానే మాయమైతే 7వ నంబరు ఇచ్చేస్తుంది, రెండో చిప్ అయితే 15. అది నిజమో కాదో ఆ చిప్‌లోని ఇన్-సర్వీస్ రిజిస్టర్ చదివితే తెలుస్తుంది. నకిలీ 15 వచ్చినప్పుడు రెండో చిప్‌కి ఏమీ చెప్పకూడదు గానీ మొదటి చిప్‌కి మాత్రం అందిందని చెప్పాలి, ఎందుకంటే దాని దృష్టిలో 2వ కాలు మీద నిజంగానే ఏదో వచ్చింది. ఇదంతా 8259 ఫైల్‌లోకి వెళ్ళింది. సాధారణ కోడ్ ఇప్పుడు చిప్‌ని "ఏ సోర్స్?" అని అడుగుతుంది, నకిలీ అయితే "ఏదీ కాదు" అన్న జవాబు వస్తుంది.

ఈ "ఏ సోర్స్?" అనే ప్రశ్న ముందుముందు ఇంత అక్కరకొస్తుందని అప్పుడు అనుకోలేదు.

20వ రోజు

8259 నుంచి దాని తర్వాతి తరం ఇంటరప్ట్ చిప్ ఐఓ ఏపిక్‌కి మారాను. కొత్త చిప్ ఫైల్ రాయడం ఓపిక పని, అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. నా మెషీన్‌లో 24 ఎంట్రీలు, ఒక్కో ఎంట్రీలో వెక్టర్, ట్రిగ్గర్, పోలారిటీ (సిగ్నల్ పైకా కిందికా అన్నది), మూత, ఏ ప్రాసెసర్‌కి పంపాలన్నది.

చెప్పుకోవాల్సింది టైమర్ గురించి. ఐఎస్‌ఏ లెక్కలో టైమర్ 0. ఐఓ ఏపిక్ మీద అది 2వ ఎంట్రీకి వచ్చి చేరుతుంది. ఈ మార్పులను ఫర్మ్‌వేర్ ఇచ్చే ఏసీపీఐ టేబుల్ ఒకటి చెబుతుంది: ఐఎస్‌ఏలో ఈ నంబరు అక్కడ ఆ నంబరు, ఇదీ దాని ట్రిగ్గర్, ఇదీ పోలారిటీ అని. ఆ టేబుల్ చదివే కోడ్ ఐఎస్‌ఏ బస్ ఫైల్‌లో చేరింది. టైమర్ డ్రైవర్ ఇప్పటికీ "ఐఎస్‌ఏ 0" అనే అడుగుతుంది, దానికి 2 సంగతి తెలియదు. కీబోర్డు డ్రైవర్‌లోనూ ఒక్క అక్షరం మారలేదు.

పీసీఐ వైపు ఇంత సులువుగా లేదు. హెక్స్ 3సి దగ్గరి చీటీ పాత చిప్ కోసం రాసింది. ఐఓ ఏపిక్ వాడేటప్పుడు పిన్‌లు ఎక్కడికి చేరతాయో ఏసీపీఐలోని రూటింగ్ పట్టీ చెప్పాలి, అది చదవాలంటే ఏఎంఎల్ బైట్‌కోడ్ నడిపే ఇంటర్‌ప్రెటర్ కావాలి. అది నా దగ్గర లేదు, ఇప్పట్లో రాయను. ప్రస్తుతానికి నేను వాడే రెండు మెషీన్ల పట్టీలను చేత్తో రాసి ఆర్కిటెక్చర్ డైరెక్టరీలో పెట్టాను. పీసీఐ కోడ్ "ఈ స్లాట్, ఈ పిన్ ఎక్కడికి?" అని ఒక ఫంక్షన్‌ని అడుగుతుంది. రేపు ఇంటర్‌ప్రెటర్ వచ్చినా మారేది ఆ ఫంక్షన్ లోపలే. చేత్తో రాసిన పట్టీ అందంగా లేదని తెలుసు. కానీ అది ఉండాల్సిన చోటే ఉంది.

26వ రోజు

ఈ డిజైన్‌కి అసలు పరీక్ష ఎంఎస్ఐ అని మొదటినుంచీ అనుకుంటున్నాను. పీసీఐ 2.2తో వచ్చిన పద్ధతి ఇది. పిన్ లేదు, తీగ లేదు, పంచుకోవడం లేదు. డివైస్ ఒక ప్రత్యేక మెమరీ చిరునామాకి ఒక చిన్న విలువ రాస్తుంది, ఎక్స్86లో ఆ చిరునామా హెక్స్ ఎఫ్ఈఈతో మొదలవుతుంది, ఆ రాతే ఇంటరప్ట్ అవుతుంది. ఎంఎస్ఐలో ఒక డివైస్ 32 దాకా, దాని పెద్ద రూపమైన ఎంఎస్ఐ-ఎక్స్‌లో 2048 దాకా ఇంటరప్టులు అడగొచ్చు.

నాకు ఇందులో బాగా నచ్చిన గుణం వరస. డివైస్ ముందు డేటాను మెమరీలోకి రాసి, తర్వాత ఇంటరప్ట్ రాత రాస్తుంది. రెండూ ఒకే దారిలో వెళ్తాయి, రెండోది మొదటిదాన్ని దాటి రాదు. పిన్ అయితే తీగ మీద వేరుగా వెళ్తుంది కాబట్టి డేటా ఇంకా దారిలో ఉండగానే ఇంటరప్ట్ చేరిపోవచ్చు. అందుకే పిన్ వాడే డ్రైవర్లు ముందుగా డివైస్ రిజిస్టర్ ఒకటి చదివి, ఆ చదువు తిరిగొచ్చేసరికి వెనకున్న డేటా మెమరీకి చేరేలా చూసుకుంటాయి. నా డ్రైవర్ కారణాల రిజిస్టర్ చదువుతుంది కాబట్టి ఇన్నాళ్ళూ నాకు తెలియకుండానే ఈ రక్షణ ఉంది.

ఈ1000ఈ కార్డు మీద ఎంఎస్ఐ పెట్టాను. సాధారణ ఫైల్ మార్చక్కర్లేదని అనుకున్నాను. ఒకచోట మార్చాల్సి వచ్చింది. ప్రతి చిప్పూ ఒక సోర్స్‌ని మూయగలదని ఆ ఫైల్ నమ్ముతోంది. ఎంఎస్ఐలో వెక్టర్ వారీగా మూయడం డివైస్ ఇష్టం, ఉండొచ్చు, లేకపోవచ్చు. ఎంఎస్ఐ-ఎక్స్‌లో మాత్రం తప్పనిసరి. ఇప్పుడు మూసే ఫంక్షన్ లేకపోతే సాధారణ కోడ్ సోర్స్ మీద "మూసి ఉంది" అని గుర్తు పెట్టి, ఈలోపు ఇంటరప్ట్ వస్తే దాన్ని గుర్తుంచుకుని, తెరిచినప్పుడు హ్యాండ్లర్లను పిలుస్తుంది.

ఇంకో సంగతి నా ఊహనే మార్చింది. చిప్ అంటే బోర్డు మధ్యలో ఎక్కడో ఒకచోట ఉండేదని అనుకునేవాడిని. ఎంఎస్ఐలో మూసేది, తెరిచేది డివైస్ సొంత కాన్ఫిగరేషన్ స్పేస్‌లోనే ఉంది. అంటే ఒక్కో పీసీఐ డివైసూ ఒక చిన్న ఇంటరప్ట్ కంట్రోలరే. అందిందని చెప్పాల్సింది మాత్రం ప్రాసెసర్‌లోనే ఉండే లోకల్ ఏపిక్‌కి. అందుకని చిప్‌లను ఒకదాని కింద ఒకటి పేర్చేలా మార్చాను. పై చిప్‌కి తెలియని పని కింది చిప్‌కి వెళ్తుంది. ఐఓ ఏపిక్ కూడా ఇలాగే లోకల్ ఏపిక్ మీద కూర్చుంది, దాంతో రెండు ఫైళ్ళలో ఒకేలా ఉన్న కోడ్ తగ్గింది.

డ్రైవర్‌లో మార్పు: "పిన్ ఇవ్వు" బదులు "ఇంటరప్ట్ ఇవ్వు" అంటుంది. ఎంఎస్ఐ ఇవ్వాలా పిన్ ఇవ్వాలా అన్నది పీసీఐ ఫైల్ తేలుస్తుంది.

33వ రోజు

ఎక్స్86 వదిలి రిస్క్-ఫైవ్ అనే ఇంకో ప్రాసెసర్ రకానికి వచ్చాను. కొన్ని నెలల కిందట ఇది ఊహకు కూడా అందని పని.

క్యూఎములోని విర్ట్ మెషీన్‌లో పీఎల్ఐసీ అనే కంట్రోలర్ ఉంటుంది. దాని పద్ధతి ముచ్చటగా ఉంది. ఇంటరప్ట్ రాగానే క్లెయిమ్ రిజిస్టర్ చదివితే సోర్స్ నంబరు వస్తుంది, పని అయ్యాక అదే రిజిస్టర్‌లోకి ఆ నంబరు తిరిగి రాయాలి. నకిలీ 7 కోసం పెట్టిన "ఏ సోర్స్?" ప్రశ్న ఇక్కడ అచ్చంగా సరిపోయింది. పీసీఐ నాలుగు పిన్‌లు 32 నుంచి 35 వరకు వస్తాయి, సీరియల్ పోర్టు 10. సీరియల్ పోర్టుకి ఐఎస్‌ఏ లేదు, డివైస్ ట్రీ (బోర్డు మీద ఏయే డివైస్‌లున్నాయో చెప్పే పట్టీ) చెప్పే సమాచారంతో మూడో బస్ ఫైల్ రాశాను. క్యూఎములో ఆ సాయంత్రమే అంతా పనిచేసింది.

నిజమైన బోర్డు మీద సీరియల్ కన్సోల్‌లో ఒక అక్షరం టైప్ చేశాను, కనబడింది. రెండో అక్షరం కనబడలేదు. రీబూట్ చేశాను. మళ్ళీ ఒకే ఒక అక్షరం.

34వ రోజు

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. సీరియల్ డ్రైవర్‌లో వెతికాను, డివైస్ ట్రీలో వెతికాను. చివరికి పీఎల్ఐసీ స్పెసిఫికేషన్‌ని మళ్ళీ మొదటినుంచి చదివితే దొరికింది. పని ముగిసిందని నంబరు రాసినప్పుడు ఆ సోర్స్ ఆ ప్రాసెసర్‌కి ఎనేబుల్ అయి ఉండకపోతే ఆ రాతను కంట్రోలర్ మాట్లాడకుండా వదిలేస్తుంది.

ఆరో రోజున నేను రాసిన లెవెల్ నడక గుర్తు చేసుకోండి: మూయి, అందిందని చెప్పు, హ్యాండ్లర్లను పిలువు, తెరువు. మూసి ఉండగా అందిందని చెబుతున్నాను. పీఎల్ఐసీ దాన్ని వినదు. ఆ సోర్స్ పని ఇంకా నడుస్తోందనే అనుకుంటుంది, రెండో ఇంటరప్ట్ ఎప్పటికీ ఇవ్వదు. నా దగ్గరున్న క్యూఎము వెర్షన్‌లో ఆ రాత చెల్లింది, అందుకే అక్కడ బయటపడలేదు.

ఇది పీఎల్ఐసీ ఫైల్‌లో ఒక మెలికతో దాటేయొచ్చు: మూసి ఉంటే ఒక్క క్షణం తెరిచి, రాసి, మళ్ళీ మూయడం. రాసి చూశాను కూడా, పనిచేసింది. కానీ తప్పు ఆ ఫైల్‌ది కాదు. లెవెల్ అనగానే ఒకే నడక అని ఆరో రోజున నేను తీర్మానించాను. ఆ రోజు నా ముందున్న ఒకే ఒక్క చిప్ 8259. ఆ చిప్ అలవాటును సాధారణ ఫైల్‌లో నియమంగా రాశాను. ఫైల్‌లో 8259 అన్న పేరు లేదు, హెడర్ లేదు, నా మేక్‌ఫైల్ తనిఖీకి చిక్కే గుర్తు ఏదీ లేదు. అయినా ఆ చిప్ అక్కడే ఉంది.

మూడో నడక రాశాను: ముందు హ్యాండ్లర్లను పిలిచి, చివర్లో ఒక్కసారి ముగిసిందని చెప్పడం. మూయడం తెరవడం లేదు. ఇది ఐఓ ఏపిక్ లెవెల్ ఎంట్రీలకూ సరిపోతుంది, ఒక్కో ఇంటరప్టుకి రెండు రిజిస్టర్ రాతలు మిగులుతాయి. ఇకనుంచి సోర్స్ ఎడ్జా లెవెలా అన్నది బస్ చెబుతుంది. దానికి ఏ నడక తగినదో చిప్ ఎంచుకుంటుంది. సాధారణ కోడ్ ఎంచిన నడకను నడిపిస్తుంది.

బోర్డు మీద రెండో అక్షరం కనబడింది. తర్వాత ఒక పేరా మొత్తం టైప్ చేశాను.

35వ రోజు

మళ్ళీ ఎక్స్86 మీద అన్నీ నడిపాను: పాత పీసీ మోడల్ 8259తో, కొత్తది ఐఓ ఏపిక్‌తో, ఎంఎస్ఐతో, ల్యాప్‌టాప్ మీద ఒకసారి. రెండు కార్డులూ జవాబిస్తున్నాయి.

స్నేహితురాలికి కొత్త ఫైల్ పంపాను. తను ఒక చోట వేలు పెట్టి చూపించింది. ఒక ప్రాసెసర్ మీద హ్యాండ్లర్ నడుస్తుండగా ఇంకో ప్రాసెసర్ దాన్ని లిస్టు లోంచి తీసేస్తే, నడుస్తున్నవాడి కాళ్ళ కింద మెమరీ విడుదలైపోతుంది. నిజమే. తీసేవాళ్ళు సోర్స్‌ని మూసి, నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగి, అప్పుడు తీయాలి. మూయలేని ఎంఎస్ఐ సోర్స్‌కి ఆ ఆగడం ఎలా చేయాలో ఇంకా తేలలేదు. ప్రతి సోర్స్‌కి "ఇప్పుడు నడుస్తోంది" అన్న గుర్తు ఒకటి పెట్టి, రేపు ఆ దారిలో మొదలుపెడతాను.